బొమ్మ మనది, పెట్టె ఎవరిది?

ఆటబొమ్మల మీద కేంద్ర ప్రభుత్వానికి ఇటీవల కలిగిన మమకారం ఇంతా అంతా కాదు. దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2020 ఆగస్టులో ప్రధాని తమ రేడియో ప్రసంగంలో కొండపల్లిని తలచుకున్నారు. ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు గారిని పేరుపెట్టి ప్రశంసించారు. 2021లో విద్యార్థులు మొదలైనవారి చేత కొత్త ఆటలు రూపొందింపజేయడానికి ‘టాయ్‌కథాన్’ నిర్వహించారు. 2025 బడ్జెట్ ప్రసంగంలోనూ బొమ్మలకు చోటు దక్కింది. ఇంత హడావుడిలో ఎవరికీ పట్టని వస్తువు ఒకటున్నది. అది బొమ్మను పెట్టే పెట్టె.

పెట్టెదేముంది అని కొట్టిపారవేయడానికి వీలులేదు. దుకాణంలో పిల్లవాడు మొదట చూసేది ఆటను కాదు, పెట్టెను. పిల్లల ఆటకు ఒక పెట్టె తయారు చేసుకురమ్మని డిజైన్ విద్యార్థులకు ఇచ్చే అభ్యాసం కొందరికి కాలక్షేపంగా తోచవచ్చు. కాని అందులో వాణిజ్యమూ ఉన్నది, భాషా రాజకీయమూ ఉన్నది.

కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తేలికైన తెల్లపొణికి కర్రతో చేసేది. చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దూరప్రయాణంలో ముందుగా దెబ్బతినేవి ఆ అతుకులే. కళాకారుడు డజన్ల లెక్కన అమ్ముకుంటాడు. పెట్టెలు అచ్చువేసేవారు వేల లెక్కన అడుగుతారు. కనుక దశావతారాలకూ, ఎడ్లబండికీ ఒకే పెట్టె సరిపోవాలి, లోపలి అట్ట మడత మాత్రం మారాలి. ఇది తేలిక లెక్క కాదు. చురుకైన విద్యార్థికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు.

వామనగుంటలు, అష్టాచెమ్మా వంటి ఆటలది మరో సమస్య. వాటికి పెట్టె ఎన్నడూ లేదు. నాలుగు గవ్వలూ, నేలమీద సుద్దగీతలూ ఉంటే సరిపోయేది. వాటిని బజారుకు తేవాలంటే, విప్పితే పెట్టే ఆటపలక కావాలి. మన పూర్వులు ఏడేసి గుంటల రెండు చెక్కలను బందులతో కలిపి, మూస్తే పెట్టె, తెరిస్తే పీట అయ్యేట్టు చేశారు. మన విద్యార్థులు విదేశీ నమూనాల కోసం వెదకనక్కరలేదు.

ఇక భాష. 2011 నాటి ప్యాకేజీ నిబంధనల ప్రకారం తయారీదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర మొదలైన వివరాలు హిందీలోగాని, ఇంగ్లీషులోగాని ఉండితీరాలి. ఇతర భాషలను అదనంగా వాడుకోవడానికి అభ్యంతరం లేదట! ఆ అభ్యంతరం లేకపోవడాన్నే గౌరవంగా భావించి మనం తృప్తిపడుతున్నాము. మగ్గాలను నమ్ముకొని సూరత్ చేరిన తెలుగువారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతూ వచ్చింది. బడి వెలుపల ఆ పిల్లవాడికి తెలుగు అక్షరం కనిపించే చోట్లు ఎన్ని? ఆటపెట్టె అటువంటి చోటు కాగలదు.

ఢిల్లీ చేసిన మంచిని కూడా చెప్పుకోవాలి. 2021 జనవరి నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన చేతివృత్తులవారికీ, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు. లేకుంటే పరీక్షల ఖర్చుకే కొండపల్లి కుదేలయ్యేది. కాని మినహాయింపు బొమ్మను బతకనిస్తుందేగాని అమ్మిపెట్టదు.

1958లో ఈమ్స్ దంపతులు ఇచ్చిన నివేదికలో మన చెంబు రూపాన్ని మెచ్చుకున్నారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. ఆంధ్రప్రదేశ్‌కు 2015లో అటువంటి సంస్థ వచ్చింది. 2019లో పార్లమెంటు దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా కల్పించింది. ఆ సంస్థ అమరావతిలో ఉన్నది. కృష్ణ దాటితే కొండపల్లి. విద్యార్థి చేసిన పెట్టె మార్కులతో ముగిసిపోక నది దాటాలంటే, ఆ నమూనా హక్కును ప్రభుత్వం కొని కళాకారుల సంఘాలకు ఉచితంగా ఇవ్వాలి. మొదటి విడత అచ్చు ఖర్చు భరించాలి. బొమ్మల ప్రదర్శన ఒకదానికి వేసే పందిళ్ళ ఖర్చుతో పోలిస్తే ఇది ఏపాటి?

ఉభయ తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు వచ్చే సమావేశాలలో ఒక లిఖితపూర్వక ప్రశ్న వేయవచ్చు: 2021 టాయ్‌కథాన్‌లో విద్యార్థులు ఊహించిన ఆటలలో ఎన్ని దుకాణాల దాకా వచ్చినవి, వాటిలో ఎన్నింటి పెట్టెల మీద తెలుగు ఉన్నది?