కమాను పట్టీలు – వెనుక కూర్చుండువారు



పాడేరు ప్రాంతమునుండి ఒక సోదరి పంపిన ప్రశ్న యీ నెల నన్ను మోటారు షెడ్డుదాఁక నడిపించినది. వారి యింట పాత మారుతి జిప్సీ యున్నది. నడుమునొప్పితో బాధపడు అత్తగారిని నెలకొకమాఱు కొండదారిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. భర్తగారు కమానులకు అదనపు పట్టీలు వేయించి, బండిని నాలుగంగుళములు లేపింప నెంచియున్నారు. బండి బలపడును, కుదుపు తగ్గును అని షెడ్డువాని మాట. ఇది నిజమేనా యని ఆమె యడుగుచున్నారు.

బలపడుననుట నిజమే, కుదుపు తగ్గుననుట కల్ల. 1985లో వెలువడిన జిప్సీకి నాలుగు చక్రములయొద్దను కమాను పట్టీలే. పట్టీలు పెరిగినకొలఁది కమాను బిగియును. బస్తాలు మోయు బండికది తగును గాని, ముగ్గురు కూర్చున్న బండిలో బిగిసిన కమాను వంగదు. గోతిలోని దెబ్బ నేరుగా నడుమునకు తగులును. చక్రము రాతిపై నెగిరి నేలపట్టు తప్పును. నేలను విడిచిన చక్రము బ్రేకునకు గాని, స్టీరింగునకు గాని లొంగదు. బాహుకుఁడై నలుఁడు తోలిన రథవేగమును చదివినప్పుడెల్ల, అందు కూర్చున్న ఋతుపర్ణుని నడుము గతి యేమాయెనో యని నాకు శంక!

కమాను దెబ్బను మ్రింగును గాని, మ్రింగినదానిని మరల విసరును. ఆ యూఁపు నణఁచునది షాక్ అబ్జార్బరు. అందలి నూనె సన్నని రంధ్రములగుండ దూరుచు ఊఁపును వేఁడిగా మార్చివేయును. ఈ రెండును ఈడుజోడుగా నుండవలెను. పారబోలిక్ కమానులని వేఱొక రకము గలదు. వానికి పట్టీలు తక్కువ. ఒక్కొక్కటి నడుమ లావుగా, కొనలకు పలుచనై యుండును. పట్టీకి పట్టీ ఒరయదు గనుక మెత్తగా వంగును. అయితే పాత కమానులయందు ఆ యొరపిడియే ఊఁపును కొంత అణఁచుచుండెడిది. అది పోవును గనుక మంచి షాక్ అబ్జార్బర్లు లేనిదే వీనిని వేయింపరాదు.

ఇఁక బండిని లేపుట. ఎత్తు పెరిగినచో రాళ్లు అడుగున తగులవు. మలుపులలో బోల్తాపడు భయము మాత్రము పెరుగును. బ్రేకు గొట్టములు పొడవు చాలకపోవచ్చును. ప్రొపెల్లరు షాఫ్టు కీళ్లు త్వరగా అరుగును. నడుమునొప్పి గల ముసలమ్మ ఆ యెత్తు ఎట్లెక్కును? ఈ మాట ఎవరును తలఁచినట్లు లేదు. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషనులోని వివరములు తయారీదారు నిర్ణయించినదానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. రవాణా కార్యాలయమున విచారింపక సొమ్ము చెల్లింపవలదు.

నాకు తోఁచిన వరుస యిది. మొదట చక్రములలో గాలి సరిచూపింపుఁడు. అది హెచ్చైనను కుదుపే. పిదప కమాను చివళ్ల బుష్షులు అరిగినవేమో, షాక్ అబ్జార్బర్లనుండి నూనె కాఱుచున్నదేమో చూపి, చెడినవానిని మార్పింపుఁడు. అప్పటికిని చాలకున్న పారబోలిక్ కమానుల ఆలోచన చేయవచ్చును. జిప్సీ వెనుక సీటు ఇరుసుదాపుననే యుండును. అత్తగారిని ముందు సీటునకు మార్చుటకు మాత్రము షెడ్డువానితో పనిలేదు.