రాష్ట్రంతో పాటు వార్డు లెక్కా అడుగుదాం!

తిరుపతి మున్సిపాలిటీ 1886లో ఏర్పడింది. 2007లో కార్పొరేషన్ అయింది. దానికి తొలి ఎన్నికలు ఎప్పుడో తెలుసా? 2021 మార్చిలో! పద్నాలుగేళ్లు అధికారుల పాలనే. కాలువ పూడినా, కుళాయి ఎండినా నిలదీయడానికి కార్పొరేటర్ లేడు. గడువు తీరేలోగా ఎన్నికలు జరపాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచే అమల్లో ఉంది. దాన్ని హైదరాబాద్ నుంచి ఏలినవాళ్లూ, అమరావతి నుంచి ఏలినవాళ్లూ తుంగలో తొక్కారు. ఇక తిరుమల కొండ మీద నీళ్లు, పారిశుద్ధ్యం టీటీడీ చేతిలోనే. అక్కడ కాపురముండే వాళ్లకు ఓటేసి ఎన్నుకునే వార్డు మెంబరే లేడు.

1937 శ్రీబాగ్ ఒప్పందం అమలు కాలేదని ఊరూరా చెబుతున్నాం. వార్డుకు జరిగిన ద్రోహం కూడా ఆ కోవలోదే. రేపు సీమ రాష్ట్రం వచ్చినా పెత్తనం సెక్రటేరియట్‌లోనే ఆగిపోతే మన వీధికి ఒరిగేదేముంది?

కార్పొరేటర్ ఏ పార్టీవాడైనా సరే, మూడు నెలలకోసారి వార్డు సభ పెట్టాలి. ఎంత సొమ్ము వచ్చింది, ఏ కాలువకు, ఏ బడికి ఎంత ఖర్చయింది, బోర్డు మీద రాయాలి. రాయకపోతే విద్యార్థులారా, ఉద్యోగులారా, 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు కట్టి ఎస్టిమేట్లు, బిల్లుల నకళ్లు అడగండి. మన వీధి నుంచే మొదలుపెడదాం.