భయపెట్టే ముందు అడిగే ఆట



ఈ మధ్య మన యౌవనస్థుల్లో ఇద్దరు ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, హైదరాబాద్‌లో ఎస్కేప్ రూమ్ అని ఉంటుంది. సినిమా సెట్టులాగా వేసి, మనల్ని లోపల పెట్టి తాళం వేస్తారు. కావాలంటే దెయ్యాల భయం కూడా పెడతారు. విశ్వాసులం కదా, వెళ్లొచ్చా?" ఫోనులో అవుననో కాదనో చెప్పి వదిలేసే ప్రశ్న కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ ఆట ఆడటం పాపం అని నేను అనుకోవడం లేదు. కానీ ఎదుటి మనిషి ఒప్పుకోకుండా అతన్ని భయపెట్టడం తప్పు. ఆటలో అయినా, ఇంట్లో అయినా, చివరికి మందిరంలో అయినా తప్పే.

సంఘంలో పెద్దవాళ్లకు ఈ ఆట తెలియకపోవచ్చు. నలుగురైదుగురిని కలిపి ఒక గదిలోకి పంపుతారు. సాధారణంగా 60 నిమిషాల సమయం ఇస్తారు. లోపల తాళాలు, పెట్టెలు, రాతలు, గుర్తులు ఉంటాయి. ఒక చిక్కు విప్పితే దాన్నిబట్టి ఇంకో చిక్కుకు దారి దొరుకుతుంది. చివరి తాళం తీస్తే గెలిచినట్టు. బయట ఒకరు కెమెరాలో చూస్తూ, మనం ఎక్కడైనా ఆగిపోతే చిన్న సూచన ఇస్తారు. ఇలాంటి ఆటలు మొదట కంప్యూటర్‌లో ఉండేవి. 2007లో జపాన్‌లోని క్యోటో నగరంలో తకావో కాటో అనే ఆయన, తన స్క్రాప్ సంస్థ తరఫున, దాన్ని నిజమైన గదిలో మనుషులు ఆడే ఆటగా మార్చాడు. 2011లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో పారాపార్క్ పేరుతో ఒకటి తెరిచారు. తర్వాత యూరప్ అంతా పాకింది, మన హైదరాబాద్‌కూ వచ్చింది.

దీనికి సినిమాతో దగ్గరి చుట్టరికం ఉంది. 2004లో వచ్చిన 'సా' అనే ఇంగ్లీషు హారర్ సినిమాలో ఇద్దరు మనుషులు ఒక గదిలో గొలుసులతో బందీలై ఉంటారు. ఆ సినిమా పేరుతోనే అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఎస్కేప్ రూమ్ పెట్టారు. అదే అమెరికాలో, ఓర్లాండోలో, యూనివర్సల్ వాళ్లు 2022లో 'జురాసిక్ వరల్డ్', 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమాల మీద రెండు ఆటలు తెరిచారు. అవి ఇంటిల్లిపాదీ ఆడుకునేవి. అంటే ఆట చట్రం ఒకటే, అందులో భయం ఎంత పోయాలన్నది నడిపేవాళ్ల ఇష్టం, ఆడేవాళ్ల ఇష్టం.

పోయిన దసరా సెలవుల్లో, నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఐదుగురు నన్నూ, మన సంఘ పెద్ద ఒకాయననూ వెంటబెట్టుకుని ఇలాంటి ఒక గదికి తీసుకెళ్లారు. పాత సినిమా హాలు సెట్టు అది. బుకింగ్ కిటికీ, చింపిన టికెట్టు ముక్కలు, వరసగా కుర్చీలు, వెనక ఆపరేటర్ గది, అందులో రీళ్ల డబ్బాలు. టికెట్ల మీది సీటు నంబర్లతో ఒక తాళం తీయాలి. రీళ్లను కథ నడిచే వరసలో పేర్చి ఇంకో తాళం తీయాలి. కంప్యూటర్ చదువులు చదివిన పిల్లలు అక్కడ పది నిమిషాలు కొట్టుకున్నారు. మన పెద్దాయన చిన్నతనంలో ఒకే సినిమా రెండు ఊళ్లలో ఆడుతుంటే సైకిల్ మీద రీళ్లు మోసినవాడు. "ముందు విశ్రాంతి ఎక్కడ పడిందో చూడండిరా" అన్నాడు. విశ్రాంతి అక్షరాలున్న ముక్క దొరికింది, దానికి ముందువేవో తర్వాతవేవో తేలిపోయింది, తాళం వచ్చింది. ఆ ముసలాయన ముఖంలో సంతోషం మీరు చూడాల్సింది. డెబ్బై ఏళ్లవాడూ ఇరవై ఏళ్లవాడూ ఒకరి బుర్ర మీద ఒకరు ఆధారపడి ఒక గంట గడపడం మంచి సహవాసమే. అందరి చేతుల్లో ఉండే ఫోన్లు ఆ గంటసేపు బయట పెట్టెలో ఉన్నాయి.

అయితే నేను రాయాలనుకున్నది లోపల జరిగిన దాని గురించి కాదు. లోపలికి పంపే ముందు అక్కడ పనిచేసే అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి భయం కావాలా, వద్దా అని అడిగింది. మూడు రకాలున్నాయట. మొదటిది వట్టి చిక్కులు. రెండోది చీకటి, శబ్దాలు. మూడోదానిలో వేషం కట్టిన మనిషి లోపలికి వచ్చి వెంటపడతాడు. గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, గర్భిణులున్నారా అని అడిగింది. వేషగాడు భుజం మీద చెయ్యి వేస్తే అభ్యంతరమా అని అడిగింది. మధ్యలో ఆపేయాలంటే పలకాల్సిన ఒక మాట చెప్పింది. చివరగా, "మీలో ఒక్కరు వద్దన్నా అందరికీ వద్దనే లెక్క" అంది.

మన పిల్లల్లో ఒకమ్మాయి వద్దంది. వెంటనే ఒక తమ్ముడు నవ్వుతూ, "ఏంటక్కా, రోజూ బైబిల్ చదువుతావు, ఉత్తుత్తి దెయ్యానికి భయమా?" అన్నాడు. అక్కడి అమ్మాయి అతన్ని ఏమీ అనలేదు. "కారణం చెప్పక్కర్లేదు మేడమ్" అని కాగితం మీద మొదటి రకానికి టిక్కు పెట్టేసింది. మేము అదే ఆడాం.

ఆ తమ్ముడి మాట మన సంఘాల్లో చాలా వినిపిస్తుంది కాబట్టి దానికి జవాబు చెప్పాలి. ఉలిక్కిపడటం అవిశ్వాసం కాదు. మత్తయి సువార్త 14వ అధ్యాయం తీసి చూడండి. రాత్రి నాలుగో జామున యేసు నీళ్ల మీద నడిచి వస్తుంటే శిష్యులు భూతమనుకుని కేకలు వేశారు. వాళ్లు ఆయనతో తిరిగినవాళ్లే. ఆయన ఆ భయాన్ని చూసి నవ్వుకోలేదు, ఇంకాసేపు పొడిగించలేదు. వెంటనే తానెవరో చెప్పి ధైర్యపరిచాడు. పౌలు కూడా రోమా పత్రిక 14లోనూ, మొదటి కొరింథీ పత్రిక 8లోనూ ఇదే దారి చూపించాడు. నీకు స్వేచ్ఛ ఉంది, నిజమే. నీ పక్కవాడి మనస్సాక్షి తట్టుకోలేకపోతే అతని కోసం నీ స్వేచ్ఛను కాస్త వెనక్కి పెట్టుకో అన్నాడు. ఒక్కరు వద్దంటే అందరికీ వద్దనడంలో నాకు ఆ బోధే కనిపించింది.

హారర్ అంటేనే దురాత్మలకు తలుపు తీయడం అని చెప్పే దైవజనులున్నారు. వాళ్ల జాగ్రత్తను గౌరవిస్తాను, కానీ అంత దూరం వెళ్లను. ముఖానికి రంగు పూసుకుని నెలజీతానికి అరిచే కుర్రవాడు దెయ్యం కాడు. 'రాత్రి' (1992) నుంచి 'అరుంధతి' (2009), 'విరూపాక్ష' (2023) దాకా మన తెలుగువాళ్లు భయానికి టికెట్టు కొంటూనే ఉన్నారు. తేడా ఒకటుంది. సినిమాలో భయం తెర మీది మనిషికి జరుగుతుంది, మనం కళ్లు మూసుకోవచ్చు. గదిలో ఆ మనిషివి నువ్వే. అందుకే ముందు అడగడం అవసరం. మంత్రతంత్రాల నుంచి బయటపడి కొత్తగా ప్రభువులోకి వచ్చినవాళ్లూ, చిన్నతనంలో దెబ్బలూ చీకటీ చూసినవాళ్లూ ఆ మూడో రకం జోలికి పోవద్దని మాత్రం చెబుతాను. ఆటలో మంత్రాలు చదివించడం, ఆత్మల్ని పిలిపించడం లాంటివి ఉంటే మీరూ వద్దనండి.

ఇక మన పల్లెల సంగతి. ఇక్కడ దెయ్యం భయం ఎవరూ అడిగి తెచ్చుకున్నది కాదు. చేతబడి చేసిందని, బాణామతి చేశాడని అనుమానించి మనుషుల్ని కొట్టి, పళ్లు పీకి, చంపిన ఘోరాలు మన తెలుగు నేల మీద జరిగాయి. బలైనవాళ్లలో ఒంటరి విధవరాళ్లు, దిక్కులేని ముసలివాళ్లు ఉన్నారు. ఆ భయానికి ఆపే మాట ఏదీ లేదు. నగరంలో డబ్బులిచ్చి కొనుక్కునే భయం గురించి తర్జనభర్జన పడే మనం, పక్కింట్లో పీడకలగా ఉన్న భయాన్ని ఆపడానికి ఏం చేస్తున్నామో కూడా ఆలోచించాలి. జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లమని, ఎవరి మీదా అనుమానం పెట్టుకోవద్దని గట్టిగా చెప్పడం సంఘకాపరుల పని.

మందిరంలోనూ భయం వాడుతున్నాం. వేసవిలో వి.బి.ఎస్.కు వచ్చిన ఆరేళ్ల పిల్లలకు నరకం వీడియోలు వేసి చూపించే చోట్లున్నాయి. దెయ్యాలు వదిలించే రాత్రి కూటాల్లో పసిపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెడతారు. ఆ కేకలకు నిద్రలో ఉలిక్కిపడి లేచే పిల్లల గురించి తల్లులు నాతో చెప్పుకున్నారు. నరకం గురించి బోధించవద్దని నేననను. కానీ టికెట్లు అమ్ముకునే వాళ్లే వయసు అడిగి, జబ్బు అడిగి, ఇష్టం అడిగి భయపెడుతుంటే, ప్రేమ పేరు చెప్పే మనం ఏమీ అడగకుండా పసివాళ్లను భయపెట్టడం ఎలా సరైంది? పరిపూర్ణమైన ప్రేమలో భయానికి చోటుండదని యోహాను తన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో బోధించాడు. మన సంఘంలో ఈ వేసవి నుంచి అలాంటి వీడియోలు ఉండవు. కూటాల్లో చిన్నపిల్లల్ని వేరే గదిలో పాటలతో కూర్చోబెడదాం.

వెళ్లాలనుకునే యౌవనస్థులకు ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ ఆటలో అసలు ప్రమాదం దెయ్యం వల్ల కాదు, తలుపు వల్ల. 2019 జనవరి 4న పోలండ్‌లోని కోషాలిన్ పట్టణంలో ఒక ఎస్కేప్ రూమ్‌లో మంటలు లేచి ఐదుగురు ఆడపిల్లలు చనిపోయారు. అందరికీ 15 ఏళ్లే. పుట్టినరోజు జరుపుకోవడానికి వెళ్లారు. ఉన్న గదిలోంచి బయటపడే వీలు వాళ్లకు లేకపోయింది. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం దేశమంతటా ఇలాంటి గదుల్ని తనిఖీ చేయించింది. కాబట్టి డబ్బు కట్టే ముందే అడగండి. లోపలి నుంచి తలుపు తీయడానికి మీట ఉందా? కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుందా? రెండో దారి ఉందా? మంటలార్పే సిలిండర్ ఎక్కడుంది? సరిగా జవాబు చెప్పకపోతే వెనక్కి వచ్చేయండి. క్రిస్మస్ రాత్రి థర్మకోల్ అలంకరణల మధ్య, కొవ్వొత్తులతో, ఒకే ద్వారం ఉన్న మందిరంలో మూడు వందల మందిమి కూర్చుంటాం. మనం కూడా అదే ప్రశ్నలు వేసుకోవాలి. పక్క తలుపుకు అడ్డంగా పెట్టిన సౌండు బాక్సుల్ని ఈ వారమే తీయిద్దాం.

ఖర్చు కూడా చూసుకోండి. ఒక మనిషి ఒక గంటకు కట్టేది మన ఊళ్లో రోజుకూలి కంటే ఎక్కువే కావచ్చు. ఏడాదికి ఒకసారి స్నేహితులతో అయితే సరే. నెలనెలా అయితే ఇంటికి పంపే డబ్బు గుర్తు చేసుకోండి.

అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయంలో, ఫిలిప్పీ చెరసాలలో భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయి. పౌలు, సీలలు పరుగెత్తలేదు. ఖైదీలు పారిపోయారనుకుని ప్రాణం తీసుకోబోయిన చెరసాల నాయకుడిని పౌలు కేక వేసి ఆపాడు. మీ జట్టులో ఎవరైనా వణుకుతుంటే తాళం సంగతి వదిలేసి ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆపేయమని మీరే చెప్పండి. గడియారంలో ఎన్ని నిమిషాలు మిగిలాయన్నది ఇంటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు నువ్వు నా పక్కన నిలబడ్డావన్నది గుర్తుంటుంది.

ప్రభువు మీ రాకపోకల్లో మీకు తోడైయుండును గాక. ఆమేన్.