బ్యాంకాకులో పూటకూళ్ళయిల్లు

సత్తెనపల్లివంటి యూళ్ళలో స్త్రీలు నలుగురు గూడి, వెంట మగవారు లేకుండ, పైచోట కూర్చుండి తీరికగా భోజనము చేయుట నేటికిని కొంత వింతగనే యున్నది. కళాశాల బాలికల మాటయు, ఉద్యోగినుల మాటయు మేము చెప్పుట లేదు. నలువదియేండ్లు దాటిన గృహిణుల మాట చెప్పుచున్నాము. పెండ్లికి పోయినప్పుడు పంక్తిలో తిందురు, తీర్థమునకు పోయినప్పుడు సత్రములో తిందురు. అంతియేకాని, ‘మనకు తినవలెనని యున్నది, పోయి తిందము’ అని లేచుట యెన్నడును లేదు. ఆలోచించినచో నిది చిత్రముగానే తోచును. ఒకప్పుడు మన పట్టణములలో వెలకు అన్నము పెట్టినవారు స్త్రీలే. 1892లో రంగమెక్కి 1897లో అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కమునందు పూటకూళ్ళమ్మ యున్నది గదా. వండినది స్త్రీ, వడ్డించినది స్త్రీ. పీటపై కూర్చున్నవారు మాత్రము పురుషులు. తరువాత కాఫీ హోటళ్ళు వచ్చినవి, తెరలు గట్టిన ఫ్యామిలీ గదులు వచ్చినవి. ఆ తెర వెనుక కూర్చుండి దోసె తినుటయే మా తల్లుల కాలపు స్వాతంత్ర్యము.

ఈ నెల మేము వ్రాయదలచినది ఒక పూటకూళ్ళయింటిని గూర్చియే. అయితే అది మన జిల్లాలోనిది కాదు. థాయిలాండు దేశపు రాజధానియగు బ్యాంకాకులోనిది. గత శీతకాలమున మేము అయిదుగురము స్నేహితురాండ్రము ఒక యాత్రాబృందముతో నచ్చటికి పోయివచ్చితిమి. హైదరాబాదునుండి విమానములో నాలుగు గంటలు పట్టని దూరము. అంతకంటె సత్తెనపల్లినుండి శంషాబాదు చేరుటయే మాకు దీర్ఘప్రయాణముగ తోచినది! రెండేండ్లుగా మాలో మేము వేసికొన్న చీటీ సొమ్ముతో పోయితిమి. మాలో నొక సోదరిది మిరప సేద్యము చేయు కుటుంబము. 2025 ఆరంభమున గుంటూరు యార్డులో ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయలని జోక్యపు ధర ప్రకటింపవలసి వచ్చినప్పుడు, ఆమె చీటీనుండి తప్పుకొందునన్నది. తక్కిన నలుగురము ఆమె వాయిదాలు పంచుకొని కట్టి, వదలిపెట్టక తీసికొనిపోయితిమి.

బృందమును నడపినవారు మూడుదినములు మమ్ము పప్పు, బంగాళాదుంప కూర, పెరుగు తినిపించిరి. ఇంటనుండి తెచ్చుకొన్న ఆవకాయ సీసాలు ఎటులను ఉన్నవి. మన యన్నము మనము తినుటలో తప్పేమియు లేదు. అయినను మూడువేల మైళ్ళు రానుపోను తిరిగి, ఒకదేశపు అన్నము రుచి యెఱుంగకయే వచ్చుట, పెండ్లికి పోయి పెండ్లికూతురిని చూడకుండ వచ్చినట్లే గదా! నాలవనాటి మధ్యాహ్నము తక్కినవారు అంగళ్ళకు పోవగా, మేము అయిదుగురము బసకు వెనుకనున్న సందులోనికి నడచితిమి.

సందు మలుపున రేకుల చూరుక్రింద ఆరు బల్లలు. ముందు గాజుపెట్టెలో వండిన కూరలు, ప్రక్కన పొయ్యి, పొయ్యి వెనుక అరువదియేండ్ల యామె. కూలివారును, ఆఫీసు దుస్తులలోని పిల్లలును ఒకే బల్లయొద్ద తినుచుండిరి. పలకమీది వ్రాత మాకు చదువరాలేదు. మాలోని పంతులమ్మ మాత్రము ముందే కొంత తెలిసికొని వచ్చినది. భోజనశాలను వారు ‘రాన్ ఆహాన్’ అందురట. ‘ఆహాన్’ అనగా మన ఆహారమే. సంస్కృతమునుండి పోయిన మాట. వ్రాతలో చివర రకారము నేటికిని ఉన్నది, పలుకుబడిలో నకారమైనది. ఈ మాట వినినంతనే మా పెద్దావిడకు సగము బెరకు తీరినది.

ఆ భాషలో భోజనము చేయుటను ‘కిన్ ఖావ్’ అందురు; అన్నము తినుట యని యర్థము. ఎదురుపడినప్పుడు ‘అన్నము తింటివా?’ యని పలుకరించుట వారికిని మనవలెనే వాడుక. కూరలకు, పులుసులకు, వేపుళ్ళకు అన్నిటికిని కలిపి ‘కప్ ఖావ్’ అని పేరు. అన్నముతోడివి యని యర్థము. మన పెద్దలు ఆధరువు లన్నది వీనినే. అన్నము ప్రధానము, తక్కినవి దానికి తోడు. ఇంతవఱకు మనకును వారికిని భేదము లేదు.

భేదము లేదనుకొనుచుండగనే ఒక చప్పుడు మా చెవినిబడినది. రోట దంచు చప్పుడు! మాలో ఎవరును ఆ చప్పుడును పొరపడువారు కారు. పొయ్యికి ప్రక్కన ఒక పడుచు, కాల్చిన మట్టి రోటిలో కొయ్య రోకలితో దంచుచున్నది. దానిని ‘సోమ్ తమ్’ అందురు. ‘సోమ్’ అనగా పులుపు, ‘తమ్’ అనగా దంచుట. ఇది లావు జాతివారి వంటకము. ఆ దేశపు ఈశాన్యభాగమున నుండి (ఆ భాగమును ‘ఈసాన్’ అనియే పిలుతురు, మన మాటయే) కూలికి వచ్చినవారివెంట బ్యాంకాకునకు వచ్చి, నేడు దేశమంతట ప్రీతిపాత్రమైనది. వెల్లుల్లి, మిరపకాయలు ముందు నలుగగొట్టి, తాటిబెల్లము వేసి, బొబ్బరకాయ ముక్కలు, టమాటా ముక్కలు, నిమ్మరసము చేర్చి, ఆపైన సన్నగా చీరిన పచ్చి బొప్పాయి వేసి, ఒకచేత దంచుచు నొకచేత గరిటెతో త్రిప్పుదురు. వేయించిన వేరుసెనగపప్పు మీద చల్లుదురు. మనము రోటిపచ్చడిని మెదుపుదుము, వారు మెదుపరు. నలిగియు నలుగనట్లుంచుటయే వారి పనితనము. ‘కచ్చాపచ్చాగా దంచిన వంకాయ పచ్చడికి ఇది చెల్లెలే’ అని మా మిరప సోదరి తేల్చినది.

అయితే ఆ రోటిలో ఎండురొయ్యలు పడును. ‘నామ్ ప్లా’ యను రసమును పడును. చిన్నచేపలను ఉప్పులో నెలలతరబడి ఊరనిచ్చి వడగట్టినదే యా రసము; ఆ దేశపు వంటలో మన ఉప్పు చేయు పని యది చేయును. శాకాహారులగు సోదరీమణులు దీనిని బాగుగ గుర్తుంచుకొనవలెను. మాంసము వలదన్నంతమాత్రమున ఇది మానిపోదు. శాకాహారమునకు వారు ‘మాంగ్సవిరత్’ అందురు, మాంసవిరతి! అంతకంటె ఖండితమైన మాట ‘జే’. జే వంటలో చేప రసము, గ్రుడ్లు, పాలు, చివరకు ఉల్లి వెల్లుల్లికూడ నుండవు. ఆ యంగళ్ళముందు పసుపుపచ్చని జెండాపై ఎఱ్ఱని యక్షరము లుండును. చూచుటకు మన 17 అంకెవలె కనబడును గాన చదువురానివారును గుర్తింపగలరు.

మా పెద్దావిడ శాకాహారి. ఆమె బల్లయొద్ద కూర్చున్నది గాని, చేతులు ఒడిలోనే యున్నవి. ‘మీరు తినండమ్మా, నాకు అరటిపండు చాలు’ అన్నది. ఈ మాట మన యిండ్లలో ఎందఱు తల్లులు ఎన్ని సారులు అనలేదు! పంతులమ్మ లేచి పొయ్యి యొద్దకు పోయి, వచ్చిన నాలుగు మాటలతోడను తక్కినది చేతిసైగలతోడను చెప్పినది. ఆ పూటకూళ్ళమ్మ తలయూపి, గోడకు బోర్లించియున్న వేఱొక రోలు తీసి, మాకు కనబడునట్లు కుళాయిక్రింద రోలును రోకలిని రెండుమార్లు కడిగినది. చేప రసపు సీసాను వ్రేలితో చూపి, చేయి అడ్డముగ నాడించినది. ఉప్పు డబ్బా ఎత్తి చూపినది. మా పెద్దావిడ అదంతయు కన్నార్పక చూచినది. ఆచారము విషయమున ఆమె మాకంటె గట్టిది, మేము నచ్చజెప్పబోలేదు. కొంతసేపటికి, ‘కడిగిన తీరు మా అత్తగారు కడిగినట్లే యున్నది’ అని చేతులు బల్లపైకి తెచ్చినది.

వంటకములన్నియు ఒక్కసారి వచ్చినవి. తక్కిన నలుగురికి కోడిమాంసము తులసియాకుతో వేయించినది, పుల్లని ‘తోమ్ యమ్’ చారు, ఆమెకు తూటికూర వేపుడు, ఉప్పుతో దంచిన సోమ్ తమ్, అందఱికిని అన్నము. వెంటనే మా పెద్దావిడ లేచి, గరిటె చేతబట్టి, మా పళ్ళెములలో వడ్డింపబోయినది. మన గుంటలలో కాపుర ముండు కూరకు గూడ తూటికూర యనియే పేరున్నదని చెప్పుచునే వడ్డించుచున్నది. దుకాణపు టామె పొయ్యి విడిచి వచ్చి, ఆ గరిటె మెల్లగ తీసి పళ్ళెములో బెట్టి, భుజముపై చేయివైచి కూర్చుండబెట్టినది. ఇద్దఱికిని ఒకరి భాష యొకరికి రాదు, ఇంచుమించు ఒకే వయసు. మా పెద్దావిడ కూర్చున్నది. ‘నాకు పెండ్లియై నలువదిరెండేండ్లు. అందఱితో గూడ మొదటిముద్ద తినుట ఇదియే’ అన్నది. మేము ఎవరమును బదులు పలుకలేదు, అన్నము చల్లారుచుండెను.

ఎంగిలి సందేహము పలువురికి గలుగును గనుక చెప్పవలెను. కూరపళ్ళెములు నడుమనుండును. ఒక్కొక్కదానిలో పొత్తుగరిటె వేయుదురు. దానితో ఒకటి రెండు చెంచాలు మాత్రమే తన యన్నముపై వేసికొని, అది ముగిసిన పిదప మరొకదానికి పోవలెను. అన్నియు నొక్కసారి కుప్పవేసికొనుట మర్యాద కాదు. కుడిచేత చెంచాయు, ఎడమచేత ముళ్ళగరిటెయు బట్టి, ముళ్ళగరిటెతో అన్నమును చెంచాలోనికి నెట్టుదురు. పుల్లలతో తినుట సేమియావంటి వంటకములకే. సోమ్ తమ్‌తో తిను జిగురన్నము మాత్రము వెదురుబుట్టలో వచ్చును. దానిని చేతితోనే ముద్దచేసి తినవచ్చును. అది వచ్చినప్పుడు మా ప్రాణము లేచివచ్చినది.

చారులో వేసిన నిమ్మగడ్డి కాడలు, దుంపరాష్ట్రపు బిళ్ళలు నమలుటకు గావు. మన చారులో కరివేపాకువలె ప్రక్కకు దీయవలెను. తులసిమాట వినినంతనే కొందఱు సోదరీమణులు నొచ్చుకొందురేమో. మనము కోటలో బెట్టి పూజించు తులసిజాతిదే యది. వారు ‘కప్రావ్’ అని మాంసముతో వేయింతురు. మాలో ఒకతె దానిని ముట్టలేదు. మేము తింటిమి, బాగుగనే యున్నది.

ఇక మిరప. బల్లమీద నాలుగు చిన్నగిన్నెలలో కారము, పంచదార, మిరపముక్కలు వేసిన చేప రసము, మిరపముక్కలు వేసిన పుల్లనీరు ఉన్నవి. ఎవరి నాలుకకు వారు సరిచేసికొనుటకు. మిరప మనదియు గాదు, వారిదియు గాదు. అమెరికా ఖండమునుండి పదునారవ శతాబ్దమున పోర్చుగీసు వర్తకులవెంట ఆసియాకు వచ్చినది. వారు 1510లో గోవాను బట్టుకొనిరి. 1511లో సయాము రాజధాని అయుత్థయకు రాయబారి నంపిరి. క్రొత్తకాయ వచ్చినప్పుడు మనము మిరియముపేర దానిని మిరపకాయ యంటిమి. వారును అట్లే మిరియముపేరగు ‘ప్రిక్’ అను మాటను మిరపకిచ్చివేసి, పాత మిరియమును ‘ప్రిక్ థాయ్’ అని వేఱుపఱచిరి. నేడు గుంటూరు యార్డునుండి తేజరకపు ఎండుమిరప థాయిలాండునకు ఎగుమతి యగుచున్నది. మా మిరప సోదరి ఆ గిన్నెలోని కారమును వ్రేలికొనతో తీసి, వాసనచూచి, వెలుతురులో రంగు చూచి, నాలుకపై వేసికొన్నది. ‘ఇది మనదేనా వదినా?’ యని యడిగితిమి. ‘పొడియైన తరువాత చెప్పుట యెట్లు? తొడిమ దీసినవారికైన తెలియదు’ అన్నది. అయినను ఆమె తన యన్నముపై మరికొంత చల్లుకొన్నది.

అయిదుగురము తిన్నదానికి 410 బాతులైనవి. ఒక బాతు మన సొమ్ములో రెండు మూడు రూపాయల నడుమ నుండును. ఆ నగరమున మేడపై గదులలో ఇదే వంటకము నాలుగింతల వెలకు దొరకును; కారము తగ్గించి, తీపి పెంచి పెట్టుదురు. జనము రద్దీగానుండి, పొయ్యి కంటిముందఱ నుండి, వేడివేడిగ వండిపెట్టుచోటు చూచుకొన్నచో చవుకయని జంకనక్కఱలేదు. నీరు మూతవిప్పని సీసాలోనిదే త్రాగవలెను. మంచుముక్కలు నడుమ బెజ్జముతో గొట్టమువలె నున్నచో కర్మాగారములో చేసినవని తెలియవలెను.

ఇంట చేసికొనగోరు సోదరీమణులకు శాకాహారపు సోమ్ తమ్ చెప్పుచున్నాము. వస్తువులన్నియు సత్తెనపల్లి బజారులో దొరకును. చెక్కుదీసిన పచ్చి బొప్పాయిని పుల్లలవలె సన్నగ దఱిగి రెండు గ్లాసులు కొలుచుకొని, చల్లనినీటిలో కొంతసేపుంచి వాడ్చవలెను. రోట మూడు వెల్లుల్లి రేకలు, మూడు పచ్చిమిరపకాయలు నలుగగొట్టి, చెంచెడు తాటిబెల్లము, తగినంత ఉప్పు వేయవలెను. రెండు బొబ్బరకాయల ముక్కలు, రెండు టమాటాల ముక్కలు వేసి మెల్లగ నొక్కవలెను. ఒక పెద్ద నిమ్మకాయ పిండి, బొప్పాయి వేసి, త్రిప్పుచు పదిదెబ్బలు మాత్రమే వేయవలెను. గుప్పెడు వేయించిన వేరుసెనగపప్పు పైన చల్లవలెను. గర్భవతులు పచ్చి బొప్పాయికి బదులు దోసకాయ వాడవలెను. ఆ దేశమునను దోసకాయతో చేయుట కలదు. నిలువయుంచినచో నీరూరి చెడును గాన, పురుషులు వచ్చువఱకు ఆగక, దంచినవారు దంచినవెంటనే తినవలెను.