చేపల తొట్టి రాళ్లకు యాసిడ్ వద్దు, పొయ్యి వద్దు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇంట్లో చేపల తొట్టి ఉన్న ప్రతి కుటుంబానికీ ఈ హెచ్చరిక. తొట్టిలోని రాళ్లు, బొమ్మలు కడగడానికి టాయిలెట్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ కలపకండి. ఒకటి వాడిన బక్కెట్లో రెండోది పోయకండి. రాళ్లను పొయ్యి మీద ఉడకబెట్టకండి. చేపల సంగతి తర్వాత, ముందు మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది.

మన వైపు ఈ ముప్పు ఎక్కువ కావడానికి కారణం మన నీళ్లే. నంది కొండల వైపు పుట్టిన చిత్రావతి, పాపాగ్ని ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉంటాయి. వెయ్యి అడుగులు దాటి దించిన బోర్లే చాలా ఊళ్లకు దిక్కు. ఆ నీళ్లలో లవణాలు ఎక్కువ. తొట్టిలో నీరు ఆవిరై పోతుంది, లవణం మిగిలిపోతుంది, మళ్లీ అవే నీళ్లు పోస్తాం. కొన్ని నెలలు తిరిగేసరికి అద్దం అంచున తెల్లటి చార, రాళ్ల మీద సున్నం కొట్టినట్టు గట్టి పొర. గోటితో గీకినా రాదు, బ్రష్షుతో రుద్దినా రాదు. అప్పుడు చెయ్యి బాత్‌రూములోని యాసిడ్ సీసా మీదికి పోతుంది. పాచి కూడా వదలాలని పక్కనే ఉన్న బ్లీచింగ్ పౌడరు గుప్పెడు వేస్తారు.

టాయిలెట్ యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది బ్లీచింగ్‌ను తాకగానే క్లోరిన్ వాయువు లేస్తుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. గాలి కంటే బరువైనది కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. బక్కెట్ పక్కన కూర్చుని చూస్తున్న పిల్లలకే ముందు అందుతుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, దగ్గు ఆగదు. అప్పుడు బక్కెట్ పారబోద్దామని వంగకండి. అన్నీ అక్కడే వదిలి, పిల్లల్ని తీసుకుని బయటి గాలికి వచ్చేయండి. కళ్లు మండితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడగండి. ఆయాసం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. కాసేపటికి తగ్గిందనిపించినా ఊరుకోవద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలు కావచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త.

ఆ తెల్ల పొరకు ఇంత ఘాటు మందు అవసరమే లేదు. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, రాయిని తొట్టి బయట కొన్ని గంటలు నానబెట్టి, కొత్త బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడిగితే వదులుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు కూడా పనిచేస్తాయి. అయితే వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా ఆమ్లాలే. వీటిని బ్లీచింగ్‌తో కలిపినా క్లోరిన్ వస్తుంది. ఇక గిన్నెలు తోమే పీచును రాళ్ల దగ్గరికి రానివ్వకండి. దాన్ని ఎంత పిండినా సబ్బు మిగిలే ఉంటుంది, అది చేపల మొప్పలను దెబ్బతీస్తుంది.

రెండో ప్రమాదం పొయ్యి. క్రిములు చావాలని రాళ్లను గిన్నెలోనో కుక్కర్లోనో ఉడికిస్తారు. రాయి పైకి గట్టిగా కనిపించినా లోపల సన్నటి పగుళ్లుంటాయి, వాటిలో నీరు దాగి ఉంటుంది. వేడికి అది ఆవిరై, బయటికి దారి లేక రాయినే పగలగొడుతుంది. కాలుతున్న రాతి ముక్క కంటికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మంట మీద కాల్చడం, మైక్రోవేవ్‌లో పెట్టడం కూడా అంతే ప్రమాదం. బ్రష్షుతో రుద్ది కడిగి, బాగా ఎండలో ఆరబెడితే మామూలుగా చాలు.

చేపలు రోగంతో చనిపోయిన తొట్టి అయితే బ్లీచ్ వాడవచ్చు. అదొక్కటే, ఆరుబయటే వాడాలి. ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు పంతొమ్మిది వంతుల నీళ్లు, పదిహేను నిమిషాలు. తర్వాత బాగా కడిగి, చేపల షాపులో దొరికే యాంటీ క్లోరిన్ వేసిన నీళ్లలో నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండనివ్వాలి. చెక్క ముక్కలకు, గుల్లగా ఉండే రాళ్లకు ఇది వద్దు. అవి బ్లీచ్‌ను పీల్చుకుంటాయి.

బెంగళూరు నుంచి సముద్రపు తొట్టి సామాను తెచ్చుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని జోయాంథిడ్ పగడాల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని ఉడికించినా, గట్టిగా రుద్దినా ఆ విషం గాలిలో కలుస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని స్టీవెంటన్‌లో తొట్టిలోని పగడాన్ని శుభ్రం చేసిన ఒక ఇంట్లో కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య ఇళ్లలో, షాపుల్లో ఇలాంటి ఘటనలే నమోదయ్యాయి.

మన వైపు ఎటు చూసినా రాతి గుట్టలే, రాయి ఊరికే దొరుకుతుంది. అయినా తొట్టి కోసం క్వారీల్లోకి పిల్లల్ని పంపకండి. 2021 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు చనిపోయారు. అక్కడ తెలియని కడ్డీ, వైరు ఏది కనిపించినా ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. బయటి నుంచి తెచ్చిన రాయి మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. బుసబుస పొంగితే అది సున్నపురాయి, నీళ్ల గట్టిదనాన్ని ఇంకా పెంచుతుంది. గ్రానైట్ పొంగదు.

రాయి తీయడానికి తొట్టిలో చెయ్యి పెట్టే ముందు మోటారు, లైటు, హీటరు ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. వైరింగ్ తప్పుగా చేసిన ఇళ్లలో స్విచ్ ఆపినా కరెంటు వస్తూనే ఉంటుంది. చేతికి గాయముంటే గ్లవుజులు లేకుండా దిగవద్దు. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే క్రిమి తొట్టి నీళ్లలో ఉండవచ్చు. అది గాయంలోంచి చేరితే కొన్ని వారాల తర్వాత వేలి మీదో చేతి మీదో మానని గడ్డ లేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంట్లో చేపల తొట్టి ఉందని తప్పక చెప్పండి. చెప్పకపోతే ఆ రోగం ఆయనకు తట్టకపోవచ్చు.

అన్ని రాళ్లూ ఒకేసారి కడగొద్దు. చేపల మలినాల్లోని అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా ఆ రాళ్ల మీదే ఉంటుంది. ఈ వారం కొన్ని, రెండు వారాలాగి కొన్ని కడగండి. మామూలు పాచికైతే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే కడగండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లయితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

అక్వేరియం షాపుల వాళ్లకు ఒక విన్నపం. తొట్టి అమ్మేటప్పుడు చేపల మేతతో పాటు ఈ నాలుగు ముక్కలూ తెలుగులో, కన్నడంలో రాసిన చీటీ ఇవ్వండి. ఇంటివాళ్లు ఈ రోజే యాసిడ్ సీసానూ బ్లీచింగ్ డబ్బానూ వేరు వేరు చోట్ల, పిల్లల చేతికి అందనంత ఎత్తులో పెట్టండి.