చాక్లెట్ ఊళ్లో పాత కార్ల తిరనాళ్లు

తుప్పుపట్టిన హెడ్‌లైటు రింగు, విరిగిన డోరు హ్యాండిలు, సొట్టపడిన హారను... మనమైతే పాత ఇనుప సామాన్లవాడు వీధిలోకి రాగానే తూకానికి వేసేస్తాం. కానీ ఏటా అక్టోబరు మొదట్లో అమెరికాలోని ఓ చిన్న ఊరికి సరిగ్గా ఇలాంటి సామాను కోసమే ఎక్కడెక్కడివాళ్లో వచ్చి వాలిపోతారు. వెతుకుతున్న ముక్క దొరికిందా, లంకెబిందెలు దొరికినంత సంబరం!

ఆ ఊరు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ. చాక్లెట్ల కంపెనీకి నెలవు. అక్కడ వీధిదీపాలు కూడా 'కిసెస్' చాక్లెట్ల ఆకారంలోనే ఉంటాయి. 1950ల మధ్యలో ఈ ఊళ్లో పాతకార్ల ప్రదర్శన మొదలైనప్పుడు విడిభాగాలు అమ్మడానికి వచ్చినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు అదే సంతలో దుకాణాలకిచ్చే జాగాలే దాదాపు 9 వేలు. పాతకార్ల లోకంలో 'హెర్షీకి వెళ్తున్నా' అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు.

ఇంత పెద్ద జాతరను నడిపేది ప్రభుత్వమో, పెద్ద ఈవెంట్ కంపెనీయో అనుకుంటే పొరపాటే. ఓ స్థానిక క్లబ్బు!

పేరు వాళ్లది... పని వీళ్లది

యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా 1935లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. లాభాపేక్ష లేని సంస్థ. దీనికింద దేశమంతటా వందల సంఖ్యలో 'రీజియన్లు', వాటికి అనుబంధంగా 'చాప్టర్లు' ఉన్నాయి. జాతీయ సంస్థ నిబంధనలు పెడుతుంది, తేదీలు ఖాయం చేస్తుంది, న్యాయనిర్ణేతలకు శిక్షణ ఇస్తుంది. మిగతాదంతా ఆతిథ్యమిచ్చే స్థానిక శాఖ నెత్తినే! హెర్షీలో ఆ బాధ్యత హెర్షీ రీజియన్‌ది.

మైదానాన్ని గళ్లుగళ్లుగా కొలిచి సున్నం గీతలు గీయాలి. ఏ గడి ఎవరిదో రాసుకోవాలి. ట్రైలర్లు ఎటు రావాలో, ఎటు పోవాలో చూడాలి. మరుగుదొడ్లు, చెత్తబుట్టలు, ప్రథమ చికిత్స, రాత్రి కాపలా... మన పల్లెల్లో పెళ్లి పనులకు వాడంతా కదిలినట్టే ఇక్కడా సభ్యులు కదులుతారు. ఎక్కువమంది పైసా తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలే. ఒకప్పుడు వాన పడితే ఆ పొలాల్లో బండ్లు ఇరుసుల దాకా దిగబడేవి. 'హెర్షీ బురద' గురించి పాతవాళ్లు ఇప్పటికీ కథలు చెబుతారు. తర్వాత చాలా భాగం తారుపోసిన పార్కింగ్ స్థలాలుగా మారడంతో ఆ బాధ తగ్గింది.

డబ్బెలా వస్తుంది?

అసలు కిటుకు ఇదే. సంత చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుం తీసుకోరు. ఖర్చుల భారమంతా ప్రధానంగా మోసేది అమ్మకందార్లు. ఒక్కో గడికి ఇంతని అద్దె కడతారు. ఏటా అదే గడిని మళ్లీ ఖాయం చేసుకునేవాళ్లెందరో. నాన్న కూర్చున్నచోటే కొడుకూ దుకాణం పెడుతుంటాడు. పాతకారునే అమ్మాలనుకునేవాళ్లకు వేరే స్థలం ఉంది. దానికీ అద్దె ఉంటుంది. ప్రదర్శనలో నిలబెట్టే కార్లకు నమోదు రుసుం సరేసరి.

చిన్న ఊళ్లలోని శాఖలకు ఇంత సంత ఉండదు. వాళ్ల దారులు వేరు. ముందుగా పేరిచ్చినవారికి తక్కువ, ఆ రోజే వస్తే ఎక్కువ రుసుం. దాంతో ఎన్ని కార్లు వస్తాయో ముందే ఓ అంచనా దొరుకుతుంది. ఒక్కో బహుమతి ఖర్చు ఒక్కో స్థానిక వ్యాపారి భరిస్తాడు. కప్పు మీద ఆయన పేరుంటుంది. 'ఫిఫ్టీ-ఫిఫ్టీ' లాటరీ ఇంకో ఉపాయం. టిక్కెట్లమీద వచ్చిన సొమ్ములో సగం గెలిచినవాడికి, సగం క్లబ్బుకి. జోరున వాన కురిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ తలకిందులే. స్థలానికి, కప్పులకు కట్టిన డబ్బు వెనక్కి రాదు కదా. అందుకే బుద్ధిమంతులైన కోశాధికారులు బాగా నడిచిన ఏడాది మిగులును చెడ్డ ఏడాది కోసం దాచిపెడతారు.

మెరుపు కాదు... నిజాయతీ

ఈ క్లబ్బు పోటీకి కారు వయసు కనీసం 25 ఏళ్లుండాలి. మన తొలి మారుతి 800 రోడ్డెక్కింది 1983లో. ఈ లెక్కన అదెప్పుడో 'యాంటిక్' అయిపోయింది! మార్కులు 400తో మొదలవుతాయి. తప్పు కనిపించినకొద్దీ తగ్గిస్తూ వస్తారు. 365కి దిగువకు జారితే మొదటి బహుమతి ఆశ వదులుకోవాల్సిందే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి. అంతకన్నా మెరిపించినా అదనపు మార్కులు రావు. అసలు రంగు, అసలు సీట్లతోనే వయసు మీదపడిన కార్లకు విడిగా ఓ విభాగం ఉంది. మంటలార్పే పరికరం లేకుండా మాత్రం ఎవరూ పోటీకి రాకూడదు.

సంత విలువ తెలిసేది ఇక్కడే. ప్యాకార్డ్ కార్ల తయారీ 1958లో ఆగిపోయింది. స్టూడీబేకర్ 1966లో. కంపెనీయే లేనప్పుడు స్పేర్‌పార్టు ఎవరిస్తారు? ఎవరి షెడ్డులోనో మూలనపడున్న ముక్కే దిక్కు. అది ఉన్నవాడినీ, కావల్సినవాడినీ ఒకచోట కలిపేది ఇలాంటి మైదానమే. సంత ఆగితే కొన్ని కార్లూ ఆగిపోతాయి.

2020లో అంత పనీ అయింది. కొవిడ్ వల్ల హెర్షీ మేళా రద్దయింది. 2021లో మళ్లీ జరిగింది కాబట్టి సరిపోయింది. అంతకన్నా పెద్ద దిగులు వేరే ఉంది. ఇలాంటి క్లబ్బుల్లో చాలామంది సభ్యులు పెద్దవయసువాళ్లు. చేతిలో రెంచీ పట్టుకోవడం, మైదానంలో గీత గీయడం, పద్దు రాయడం... ఇవన్నీ తర్వాతి తరం అందుకుంటేనే సాగుతాయి. అద్దెలతో ఖర్చులు వెళ్లిపోవచ్చు. తెల్లవారుజామున చలిలో గేటు దగ్గర నిలబడే మనిషిని మాత్రం డబ్బుతో కొనలేరు.

మన దగ్గరా దారి పడింది. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 2021లో కేంద్రం 'వింటేజ్' గుర్తింపునిచ్చింది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అన్న అక్షరాలుంటాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలంనాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ని చూసి ముచ్చటపడనివాళ్లు ఉండరు. నవాబుల కార్లను ప్యాలెస్‌లు కాపాడతాయి. తాతయ్య కొన్న అంబాసిడర్‌ని కాపాడాల్సింది మాత్రం మనవళ్లే. ఈసారి పాత ఇనుప సామాన్లవాడు వీధిలోకొచ్చినప్పుడు, షెడ్డులోని డబ్బాలు తూకానికి వేసే ముందు ఒక్కసారి మూత తీసి చూడండి. అందులోని ముక్కకోసం ఎవరో ఎక్కడో వెతుకుతూ ఉండొచ్చు.