పేరు లేని అర్జీ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన హాస్టలు తమ్ముళ్ళు ఫోను చేసినప్పుడు, 'కష్టపడి చదవండి' అని మరో వ్యాసం రాయబుద్ధి కాలేదు. అది ప్రతి సంచికలోనూ ఉంటుంది. అందుకని అర్జీ గురించి రాస్తున్నాను. అర్జీ మనకు కొత్త కాదు. సీటుకు అర్జీ, దుప్పటికి అర్జీ, కుల ధృవీకరణ పత్రం, ఆదాయ పత్రం జతచేసి స్కాలర్‌షిప్పుకు అర్జీ. మనం చదువు నేర్చుకున్నది సగం బడిలో అయితే సగం ఆఫీసుల మెట్ల మీద.

ఆకాశంలో తిరిగే టెలిస్కోపుకు కూడా అర్జీయే పెట్టుకోవాలని ఎమ్మెస్సీకి వచ్చేదాకా నాకు తెలియదు. కరెంటు పోయిన రాత్రులు హాస్టలు మిద్దె మీద చాపలు పరుచుకుని పిల్లలకోడిని, గొల్లకావడిని చూసినవాళ్ళం. టెలిస్కోపులు పెద్దవాళ్ళవి, వాళ్ళు చూస్తారు, మనం పేపర్లో బొమ్మ చూస్తాం అనుకున్నాం. అది తప్పు.

2021 డిసెంబరు 25న పైకి వెళ్ళిన జేమ్స్ వెబ్ టెలిస్కోపునే తీసుకోండి. మన భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. దానితో ఏం చూడాలో ఏటా అర్జీలు పిలిచి నిర్ణయిస్తారు. ఏ దేశంవారైనా పెట్టవచ్చు, ఫీజు లేదు. దేన్ని చూడాలి, ఎందుకు చూడాలి, ఆ పనికి ఎన్ని గంటలు కావాలి, ఇంకో టెలిస్కోపుతో ఎందుకు కాదు - ఇవి కొద్ది పేజీల్లో ఒప్పించేలా రాయాలి. 2024 అక్టోబరులో ముగిసిన విడతకు 2,377 అర్జీలు వచ్చాయి. అందరూ కలిసి అడిగినవి దాదాపు 78,000 గంటలు. ఏడాదికి ఉన్న గంటలే 8,760! తొమ్మిది గంటలు అడిగితే ఒక గంట దొరికిన లెక్క. మన సీట్ల పోటీ గుర్తుకొస్తోంది కదూ.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది కాదు. హబుల్ టెలిస్కోపు అర్జీల పాత లెక్కలు తీసి చూస్తే, ఏళ్ళ తరబడి ప్రతి విడతలోనూ పురుషులు పెట్టిన అర్జీలే ఎక్కువ శాతం నెగ్గుతూ వచ్చాయి. చదివేవాళ్ళు దుర్మార్గులని కాదు. వాళ్ళూ శాస్త్రవేత్తలే. కానీ పేరు కనబడగానే, 'ఈయన మనకు తెలిసినవాడే, చేయగలడు' అనే మాట మనసులోకి వచ్చేస్తుంది. మొదట పేరును లోపలి పేజీకి జరిపారు. తర్వాత పొడి అక్షరాలే ఉంచారు. 2018లో పేరు, ఊరు, సంస్థ పూర్తిగా తీసేశారు. 'మేము ఇంతకుముందు కనుగొన్నాము' అని కూడా రాయకూడదు. ఆ ఏడాది ఆడవాళ్ళ అర్జీల్లో 8.7 శాతం, మగవాళ్ళ అర్జీల్లో 8 శాతం నెగ్గాయి. తేడా చిన్నదే, ఒక్క విడతతో అంతా తేలిపోదు. కానీ ఏళ్ళ తరబడి కదలని త్రాసు కదిలింది. వరుస నిర్ణయించాకే పేర్లు తెరిచి, ఈ పని వీళ్ళు చేయగలరా అని చూస్తారు. వెబ్‌కూ ఇదే పద్ధతి.

ఇది చదివిన రోజు నాకు నా ఇంటర్వ్యూ ఒకటి గుర్తుకొచ్చింది. ఎక్కడన్నది అనవసరం. ముందు ఇంటిపేరు అడిగారు. తర్వాత నాన్న ఏం చేస్తాడని. నాపరాళ్ళ గనిలో పని అన్నాను. తర్వాత, ఎక్కడ ఉండి చదివావని. హాస్టలు పేరు చెప్పాను. ఫిజిక్సు మీద ఒకే ఒక ప్రశ్న అడిగి పంపేశారు. దానికి నేను సరిగానే జవాబు చెప్పాను.

అందుకే నా అభిప్రాయం ఇది: పేరు దాచి చదివే పద్ధతి నక్షత్రాలకే కాదు, మన ప్రాజెక్టులకు, ఫెలోషిప్పులకు, పరిశోధన సీట్లకు కూడా రావాలి. రిజర్వేషను ఉంటే ఇదెందుకని కొందరు మిత్రులు అడుగుతారు. రిజర్వేషను సీటు ఇస్తుంది. నా కాగితాన్ని నా పేరుతో సంబంధం లేకుండా చదవాలన్నది వేరే హక్కు. రెండూ కావాలి.

పేరు దాచితే అంతా సమానమైపోతుందని కూడా నేననను. అర్జీ ఇంగ్లీషులో రాయాలి. రాసింది దిద్దే గురువు కావాలి. డబ్బు సంగతీ అంతే. నెగ్గినవాళ్ళలో అమెరికా సంస్థల్లో పనిచేసేవాళ్ళకు నాసా పరిశోధన ఖర్చులు ఇస్తుంది. మనకు గంటలు ఇస్తారు, డబ్బు ఇవ్వరు. అది ఇక్కడే వెతుక్కోవాలి. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్పు 2005-06లో మొదలైంది. పీజీ చేస్తున్న మన పాత మిత్రుల్లో దాని పేరు విననివాళ్ళను నేను చూశాను. ఈ తప్పు మనది, ముఖ్యంగా నాలాంటి ముందు వెళ్ళినవాళ్ళది.

ఇంకో దారి దగ్గర్లోనే ఉంది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే ఆస్ట్రోశాట్ వెళ్ళింది. ఐదేళ్ళకని పంపినది గడువు దాటాక కూడా పనిచేసింది. దానితో పరిశీలించడానికి ఇస్రో అర్జీలు పిలిచినప్పుడు పెద్ద సంస్థలతో పాటు విశ్వవిద్యాలయాలు, కాలేజీలలో పనిచేసేవాళ్ళకూ అవకాశం ఇచ్చింది. అర్జీ నెగ్గినవాళ్ళకు కొంతకాలం ప్రత్యేక హక్కు ఉంటుంది. ఆ తర్వాత ఆ సమాచారం అందరిదీ. ఆస్ట్రోశాట్ సమాచారం 2018 నుంచి అలా తెరిచి ఉంచారు. వెబ్, హబుల్ సమాచారమూ అంతే. డిగ్రీ చదివే తమ్ముడు కంప్యూటరు ముందు కూర్చుని ఎవరో అడిగి తెచ్చుకున్న గంటల్లో వాళ్ళు చూడనిది వెతకవచ్చు. దీనికి ఏ అర్జీ అక్కరలేదు.

ఇక హాస్టలు సంగతి. సంక్రాంతి సెలవులకు ముందు ఒక ఆదివారం వస్తాను. వార్డెన్ గారితో మాట్లాడాను. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు ఒక్కొక్కరు ఒక పేజీ రాసిపెట్టండి: ఆకాశంలో ఏం చూడాలి, ఎందుకు, ఎన్ని గంటలు. తెలుగులోనే రాయండి. పేరు వేయొద్దు, పైన నంబరు వేయండి. నంబర్ల చిట్టా వార్డెన్ గారి బీరువాలో ఉంటుంది. చదివేది నేనూ, ఇద్దరు పాత విద్యార్థులూ. మార్కులు వేశాకే చిట్టా తెరుస్తాం.